మాపటికి వస్తానన్నవాడు

పోయిన వారం వంశీకృష్ణనీ అరుణజ్యోతినీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్పీకర్ల షోరూం మెట్ల మీద వదిలేసి వచ్చాం. లోపలికి వెళ్దామా, ఇంటికి పోదామా అని అతను అడిగాడు. "మీ ఇష్టం" అంది ఆమె. ఏడాదిగా ఆ ఇంట్లో వినపడుతున్న మాట అదే. ఏం కూర చేస్తావంటే మీ ఇష్టం. ఆదివారం ఎక్కడికైనా వెళ్దామా అంటే మీ ఇష్టం. తలనొప్పికి మాత్ర వేసుకుంటావా అన్నా మీ ఇష్టమే. తల ఆవిడది, ఇష్టం ఈయనది.

పోయిన ఏడాది, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజుల్లో ఆమె తమ్ముడు సైదులు పోయాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటూ, అక్కడికంటే ఎక్కువగా దీక్షా శిబిరాల్లో పాటలు పాడుతూ తిరిగిన కుర్రాడు. బస్సులు లేవు. గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయిలు దించి ఖాళీగా నల్లగొండ వైపు, ఊరికి తిరిగిపోతున్న డీసీఎం వ్యాను ఎక్కాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక అది బోల్తా పడింది.

ఆ బండి పోయిన రోడ్డు ఎల్బీనగర్‌లో అక్క ఇంటి సందు పక్కనుంచే పోతుంది. అరుణజ్యోతిని చావుకంటే ఎక్కువగా తొలిచింది ఈ సంగతే. "నా వాకిట్ల నుంచే పోయిండే అమ్మా. లోపటికొచ్చి ఇన్ని నీళ్లన్న తాగలే. నేనేం జేసిన వానికి?" అని దినాలనాడు తల్లి ఈరమ్మను పట్టుకుని అడిగింది. ఆ ప్రశ్న అడిగాక అరుణజ్యోతి ఏడవలేదు. ఆ రోజూ ఏడవలేదు, ఇవాళ్టిదాకా ఏడవలేదు. పొద్దున్నే లేచి స్కూలుకు పోయి పాఠం చెప్పి వస్తుంది, వండుతుంది, తింటుంది. లోపల మాత్రం పళ్ల డాక్టరు సూది ఇచ్చిన దవడలాగా ఏదీ తెలియదు.

పెళ్లాం అలా ఉంటే మొగుడేం చెయ్యాలి? వంశీకృష్ణ స్పీకర్లు కొందామనుకున్నాడు. నవ్వకండి. దగ్గర కూర్చుని నాలుగు మాటలు చెప్పడం చేతకాని మగవాడు వస్తువు కొంటాడు. పైగా అతనికి పాటల పిచ్చి. ఇంట్లో ఉన్నవి పెళ్లైన కొత్తలో కొన్న చెక్క స్పీకర్లు. ఎడమదాని ఫోము పొడిపొడిగా రాలిపోయి, శబ్దం కాస్త పెంచితే గుర్రుమంటుంది. ఫోము మార్పిస్తే ఇంకొన్నేళ్లు పాడతాయని కోఠీలో మెకానిక్ చెప్పాడు. మార్పించనూ లేదు, కొత్తవి కొననూ లేదు. ఏడాదిగా ఊగిసలాడి ఊగిసలాడి, చెల్లెలు విజయదుర్గ నిశ్చితార్థం దగ్గరపడ్డాక ఒక సాకు దొరికింది. పెళ్లికొడుకుది హైదరాబాదే కాబట్టి తాంబూలాలు ఎల్బీనగర్ ఇంట్లోనే. నలుగురూ వచ్చే ఇంట్లో గుర్రుమనే స్పీకర్లేమిటి?

ఈ విజయదుర్గ కూడా ఒకప్పుడు ఇక్కడే, చైతన్యపురిలో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదివింది. ఆదివారాలు అన్నయ్య ఇంటికి వచ్చి వదినతో కబుర్లు చెప్పేది. సైదులు పోయినప్పుడు, దినాలయ్యేదాకా ఈ పిల్ల జ్వరంతో మంచం దిగలేదు. తర్వాత పుస్తకాలు సర్దుకుని గుడివాడ వెళ్లిపోయింది. హైదరాబాదు నీళ్లు పడలేదని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకున్నారు. ఇన్నాళ్లకు మళ్ళీ ఇవాళే వస్తోంది. బస్సెక్కానని పొద్దున ఫోన్ చేసింది.

ఇంతే కథ. ఇక మెట్లెక్కుదాం.

షోరూం షట్టరు సగం దించి ఉంది. చౌరస్తా వైపు నుంచి ఊరేగింపు వస్తోందని ఆ వరస కొట్లన్నీ అలాగే ఉన్నాయి. యజమాని భానుమూర్తి వంగి బయటికొచ్చి, వాళ్లను వంచి లోపలికి తీసుకెళ్లాడు. తెల్లజుట్టు, ముదురుపచ్చ చొక్కా, నోరు మూతపడని మనిషి.

"భయపడకండమ్మా. రోజూ ఉండేదే. మాది భీమవరమే గానీ ఈ రోడ్డు మీద కొట్టు పెట్టి తల నెరిసింది. నాకిప్పుడు ఆ భాషే వచ్చేసింది. ‘ఏంది’ అంటాను, ‘గట్లనా’ అంటాను. మా ఆవిడ ఇంట్లో తిడుతుంది" అని తనే నవ్వాడు.

అరుణజ్యోతి మర్యాదకు పెదవులు కదిపింది.

వినే గది వెనకవైపు ఉంది. గోడలకు మందపాటి గుడ్డ, కింద తివాచీ, ఎదురుగా మనిషి నడుమెత్తు స్పీకర్లు రెండు. తలుపు మూయగానే బయటి నినాదాలు కత్తిరించినట్టు ఆగిపోయాయి. జై అన్నది వినపడింది, తెలంగాణ అన్నది వినపడలేదు. అరుణజ్యోతికి ఆ గది చాలా సుఖంగా అనిపించింది. ఏడాదిగా తను ఉంటున్న చోటు ఇలాగే ఉంటుంది. కాకపోతే ఇక్కడ సోఫా ఉంది.

భానుమూర్తి వీణ పెట్టాడు. తబలా పెట్టాడు. వాన పడే శబ్దమొకటి పెట్టి "తడిశారా లేదా?" అని అడిగాడు. వంశీకృష్ణ ముందుకు వంగి, కళ్లు మూసి, తల ఊపి, మళ్ళీ కళ్లు తెరిచి భార్యను చూస్తున్నాడు. ఆమె చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, బస్టాపులో కూర్చున్నట్టు కూర్చుంది.

"ఎలా ఉందమ్మా?"

"బాగుందండి."

"పాతవాటికీ వీటికీ తేడా తెలుస్తోందా?"

"తెలుస్తోందండి."

చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానని భానుమూర్తికి అర్థమైంది. వ్యాపారి గనక ఆ మాట అనలేదు. "నా వీణలూ తబలాలూ కాదమ్మా. మీకు కంఠతా వచ్చిన పాటొకటి ఇవ్వండి. కొత్త పాట ఏ డబ్బాలోనైనా బాగానే ఉంటుంది. బాగా తెలిసిన పాటలో ఇన్నాళ్లూ తెలియనిది వినపడిందా, అప్పుడే స్పీకరు మార్చాలి. వినపడలేదా, పాతవే ఉంచుకోండి. నేనేమీ అనుకోను. ఇది నా కొట్టు పద్ధతి."

అరుణజ్యోతి సంచీలోంచి చిన్న జిప్పు పర్సు తీసింది. అందులోంచి మెమరీ కార్డు తీసి భానుమూర్తి అరచేతిలో పెట్టింది.

"అది వద్దులే అరుణా" అన్నాడు వంశీకృష్ణ.

"ఆఖరిది పెట్టండి" అంది ఆమె భానుమూర్తితో.

సైదులు సెల్లులోని కార్డు అది. ఆస్పత్రి నుంచి శవంతోపాటు వచ్చింది. సెల్లు పగిలిపోయింది, కార్డు మిగిలింది. అందులో ఆఖరి రికార్డింగు పోయినరోజు మధ్యాహ్నం శిబిరంలో పాడిన పాట. భర్త ఇంట్లో లేనప్పుడు పాత స్పీకర్లలో వింటుంది. విన్నా ఏమీ కాదు. అయినా వింటుంది.

డప్పు మొదలైంది.

ఇంట్లో డప్పంటే ధబధబ అనే ఒకటే మోత. ఇక్కడ సన్నటి చిటికెనపుల్ల వేరుగా, లావుపాటి సిర్ర కర్ర వేరుగా పలుకుతున్నాయి. చప్పట్లు దగ్గరివి వేరుగా, దూరపువి వేరుగా. ఎక్కడో ఒక ముసలామె దగ్గింది. వాటి మధ్య, సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ, మనిషి నిలబడ్డంత ఎత్తులో సైదులు గొంతు లేచింది.

"బస్సు బందాయె, బండి బందాయె, నడిసే పోదాం నడువుర తమ్మి..."

పై స్థాయికి పోయే ముందు వాడు ముక్కుతో చిన్నగా గాలి పీలుస్తాడు. చిన్నప్పుడు జలుబుకి అలవాటై ఉండిపోయింది. ఆ చప్పుడు ఏడాదిలో మొదటిసారి వినపడింది ఆమెకు. ఒళ్లో చేతులు కదిలాయి. అంతకుమించి ఏమీ కాలేదు.

పాట అయిపోయింది. జనం అరిచారు. ఇంట్లోనైతే ఇక్కడినుంచి గరగర మొదలవుతుంది, ఆమె ఆపేస్తుంది. ఇక్కడ రిమోటు భానుమూర్తి చేతిలో ఉంది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు, పాట అయిపోయిన సంగతి పట్టించుకోలేదు. గరగర వచ్చింది, కానీ అది గరగర కాదు. గుడ్డ రాసుకుంటున్న చప్పుడు. రికార్డింగు ఆపడం మరిచి సైదులు సెల్లును చొక్కా జేబులో వేసుకున్నాడు. నడుస్తున్నాడు. జనం మోత వెనక్కి పోయింది. ఎవరో నీళ్ల ప్యాకెట్ కొరికి తెరిచారు. తర్వాత చెవి పక్కనే అన్నంత దగ్గరగా మాట.

"గొంతు పోయింది. ఇయ్యాల్టికి సాలు. మాపటికి అక్కోళ్లింటికి పోత. అక్క సెల్లు కలుస్తలేదు. బావకు ఫోన్ జేసి చెప్పిన, మాపటికొస్త అక్కకు చెప్పమని. కడుపునిండ తిని ఆడ్నే పంట..."

"ఆపండి సార్!"

అరిచింది వంశీకృష్ణ. భానుమూర్తి ఉలిక్కిపడి రిమోటు నొక్కాడు.

అరుణజ్యోతి తలతిప్పి భర్తను చూసింది. చాలా నెమ్మదిగా, ఒక్కో మాట విడివిడిగా అంది.

"బావకు చెప్పిన అంటున్నడు."

అతను రిమోటు వైపు చూశాడు.

"నీకు చెప్పిండా?"

పెళ్లై ఎనిమిదేళ్లు. ఈ ఎనిమిదేళ్లలో ఆమె అతన్ని మీరు అంది. చెప్పిండు మాని చెప్పాడు అంది, ఒచ్చిండు మాని వచ్చాడు అంది, అన్నారు అంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ప్రేమించుకున్న రోజుల్లో ఎలా మాట్లాడేదో అతను మరిచిపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చింది.

"నేను... టీ చెప్పి వస్తాను" అని భానుమూర్తి లేచాడు. తలుపు తెరిస్తే ఒక్క క్షణం ఊరేగింపు లోపలికొచ్చింది. మళ్ళీ మూసుకుంది.

"ఫోన్ చేశాడు" అన్నాడు వంశీకృష్ణ. "ఆ పొద్దున. కరెంటు కోతల్లో నీ సెల్లు చార్జింగు లేక ఆగిపోయి ఉంది. నాకు చేశాడు."

"ఏమన్నడు?"

"ఇదే. మాపటికొస్త, అక్కకు చెప్పు బావా అన్నాడు."

"చెప్పలే నాకు."

"చెప్పలేదు." వంశీకృష్ణ సోఫా అంచుకు జరిగాడు. "మాపటికంటే నాకు తెలీలేదు అరుణా. రేపో మాపో వస్తానంటున్నాడనుకున్నా. మా ఇంట్లో రేపోమాపో అంటే ఎప్పుడో ఒకప్పుడని. మా పల్లెల్లో ముసలివాళ్లు ఇంకోలా అంటారేమో, నేను వినలేదు. వస్తాడులే, వచ్చినప్పుడు చూద్దాం అనుకున్నా. మరిచిపోయా."

మాపు అంటే సాయంత్రం. నల్లగొండ పల్లెల్లో పిల్లలు కూడా అనే మాట. మాపటికి పప్పు వండు, మాపటికి ఇంటికి రా. ఎనిమిదేళ్లు నల్లగొండ పిల్లతో కాపురం చేసి మొగుడికి ఆ మాట తెలియకపోవడమేమిటని మీరు అడగొచ్చు. తెలియకపోవడానికి కారణం ఆ పిల్లే. పెళ్లయి మొదటిసారి గుడివాడ వెళ్లినప్పుడు, పొద్దున్నే వంటింట్లోకి వచ్చి "మాపటికి ఏం కూర వండాలె అత్తమ్మా?" అని అడిగింది. "రేపూమాపుల కూర సంగతి ఇప్పుడెందుకే, ముందు ఇవాళ్టిది చూడు" అంది అత్తగారు. ఇంట్లో అందరూ నవ్వారు. చెడ్డగా ఏం కాదు, సరదాగానే నవ్వారు. వంశీకృష్ణ కూడా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నారో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రోజునుంచీ ఆమె సాయంత్రం అంది. ఒక్కో మాటా అలాగే మూటగట్టి పుట్టింట్లో పెట్టి వచ్చింది. ఆ ఇంట్లోకి మాపు మళ్ళీ రాలేదు. వచ్చిన ఒక్కసారీ ఫోన్లో వచ్చింది, తెలియనివాడి చెవిన పడింది.

అరుణజ్యోతికి ఆ నవ్వు గుర్తొచ్చింది. ఆ సాయంత్రమూ గుర్తొచ్చింది.

"మనం వనస్థలిపురం పోయినం ఆ దినం" అంది.

"ఊఁ."

"మీ ఆఫీసాయన కొత్త స్పీకర్లు కొన్నడని."

"ఊఁ."

"తాళమేసి పోయినం." ఆమె కళ్లు స్పీకర్ల మీదికి పోయాయి. "ఒచ్చిండా వాడు?"

వంశీకృష్ణ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "వచ్చే ఉంటాడు. ఫోన్ చేశాడు. పాట వింటున్నామని సైలెంట్‌లో పెట్టాను. ఇంటికొచ్చాక మిస్డ్ కాల్ చూశా. పొద్దున చేద్దాంలే అనుకున్నా."

పొద్దున ఏం ఫోన్ వచ్చిందో ఇద్దరికీ తెలుసు.

గడ్డిఅన్నారంలోనే బండెక్కాడని ఇన్నాళ్లూ అందరూ అనుకున్నారు. కాదు. ఎల్బీనగర్ దాకా నడిచొచ్చాడు. సందు తిరిగాడు. తాళం చూశాడు. గేటు పట్టుకుని కాసేపు నిలబడి ఉంటాడు. ఎదురింటి వాళ్లను అడిగి ఉంటాడు. మళ్ళీ రోడ్డు మీదికొచ్చాక ఊరి బండి కనపడింది, ఎక్కేశాడు.

కోపం రావాలి. అరుణజ్యోతి దానికోసం ఎదురుచూసింది. అది రాలేదు, దానికంటే ముందు సంతోషం వచ్చింది. సిగ్గులేని సంతోషం. తమ్ముడు వచ్చాడు. తనను కాదని పోలేదు. అక్క చేతి అన్నం తిని అక్కడే పడుకుందామనే వచ్చాడు. ఏడాదిగా గుండెలో దిగిన ముల్లు ఊడి వచ్చింది. ఊడినచోట సూది మందు దిగిపోతోంది. నొప్పి అప్పుడు తెలిసింది.

"ఒచ్చిండు" అంది. "నా ఇంటికొచ్చిండు."

"అరుణా, నేను కావాలని..."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఏంటి?"

"మాపు అంటే ఏందో."

అతను తల దించుకున్నాడు. అబద్ధం చెప్పొచ్చు. ఇప్పుడే, ఈ గదిలోనే తెలిసిందనొచ్చు. చెప్పలేదు, అతన్ని గురించి ఒక మంచి మాట అనాలంటే ఇదొక్కటే. "దినాలప్పుడు. మీ అమ్మ పొద్దున చెప్పింది, మాపటికి చుట్టాలొస్తారు, బియ్యం ఎక్కువ తెప్పించమని. పొద్దు గుంకేసరికి వాళ్లు వచ్చారు. అప్పుడు అర్థమైంది."

"అమ్మను నేను అడిగినప్పుడు నువ్వు ఆడ్నే ఉన్నవ్. నా వాకిట్ల నుంచే పోయిండు, నేనేం జేసిన వానికి అని అడిగినప్పుడు. తలుపు కాడ నిలవడ్డవ్. నేను చూసిన."

"ఉన్నాను."

"అప్పటికి తెలుసు నీకు."

"తెలుసు."

అరుణజ్యోతి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి బాగుండేది.

"మాట తెల్వకపోవుడు తప్పు గాదు. నాకు మీ మాటలు ఎన్ని తెల్వకపోయినయి. తెలిసినంక ఊకున్నవ్ చూడు, గది తప్పు. ఏడాది. ఏడాదిసంది నేను వాణ్ని తిట్టుకుంట. చచ్చినోణ్ని. అక్క మీద పాణం లేదు, ఇంత కండ్లు నెత్తికెక్కినయా అని దినాం తిట్టుకుంట. నువ్వు పక్కల పండుకోని ఉన్నవ్. ఒక్క మాట. వాడు ఒచ్చిండు అరుణా అని ఒక్క మాట అంటే..."

"అంటే వెళ్లిపోతావనుకున్నా. భయమేసింది."

"ఏడాదిసంది ఉన్ననా నేను?"

మీ ఇష్టం, మీ ఇష్టం అని తిరుగుతున్న ఆ మనిషి ఉన్నట్టా, లేనట్టా అని వంశీకృష్ణ కూడా చాలాసార్లు అనుకున్నాడు. ఆమెను వెనక్కి తేగల మాట తన నోట్లోనే ఉందని తెలుసు. దాన్ని మింగి, ఆ ఖాళీలో స్పీకర్లు నింపుదామనుకున్నాడు. ఈ చిన్న పిరికితనం రోజుకు రోజు కలిసి ఎంతయిందో ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఉంది.

తలుపు తోసుకుని భానుమూర్తి టీ కప్పులతో వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి, కప్పులు బల్ల మీద పెట్టాడు.

"ఇంకోసారి పెట్టండి" అంది అరుణజ్యోతి.

"మొదటినుంచా అమ్మా?"

"మాటల కాడి నుంచి. ఈయన ఆపమంటే ఆపొద్దు."

గుడ్డ రాసుకున్న చప్పుడు. నీళ్ల ప్యాకెట్. గొంతు పోయింది, ఇయ్యాల్టికి సాలు. అరుణజ్యోతి లేచి వెళ్లి రెండు స్పీకర్ల మధ్య తివాచీ మీద కూర్చుంది. మాపటికి అక్కోళ్లింటికి పోత. ఆమె తల ఊపింది, ఎదురుగా ఉన్న మనిషికి ఊపినట్టు. కడుపునిండ తిని ఆడ్నే పంట. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె తుడుచుకోలేదు, బహుశా తెలియలేదు.

ఇందాక ఆగిన చోటు దాటింది.

"...ఆడ్నే పంట. అక్కకో ముచ్చట చెప్పాలె. ఇంకెన్ని దినాలు దాచుడు?"

నీళ్లు గుటకేసిన చప్పుడు. ఆ తర్వాత నవ్వు. ఆడపిల్ల నవ్వు. చాలా దగ్గరగా, ఆ జేబుకు ఆనుకుని నిలబడితే తప్ప అంత స్పష్టంగా రాదు.

"నువ్వు చెప్తే కంగారుపడుతుంది. నేను చెప్తాలే మెల్లగా. వదిన నా మాట వింటుంది. అన్నయ్యకి మాత్రం ఇప్పుడే తెలియకూడదు."

"మీ అన్నకు చెప్పినా గాని తెల్వదులే" అన్నాడు సైదులు. ఇద్దరూ నవ్వారు. అక్కడితో అయిపోయింది.

భానుమూర్తి ఒక్కడే పరిస్థితి తెలియక, "చూశారా, ఆ అమ్మాయి ఊపిరి కూడా వినపడుతోంది. పాతవాటిలో ఇది రాదు" అన్నాడు. అని, నాలుక్కరుచుకున్నాడు.

చెల్లెలు పుట్టిందగ్గర్నుంచీ వంశీకృష్ణ వింటున్న గొంతు అది. జ్వరమొచ్చి మంచం దిగలేదని, హైదరాబాదు నీళ్లు పడలేదని ఇంట్లో సరిపెట్టుకున్న గొంతు. వచ్చే గురువారం ఎవరికో తాంబూలాలివ్వడానికి ఇంటిల్లిపాదీ సిద్ధమవుతున్న పిల్ల గొంతు.

అరుణజ్యోతి లేచింది. కొంగుతో మొహం తుడుచుకుంది. కార్డు తీయించుకుని జిప్పు పర్సులో పెట్టుకుంది.

"ఇవే కావాలండి నాకు" అంది భానుమూర్తితో.

"అరుణా, ఇప్పుడు స్పీకర్లు..." అన్నాడు వంశీకృష్ణ.

"నాకు కావాలి" అంది. మీ ఇష్టం అనలేదు.

భానుమూర్తి ఊరేగింపు వైపు ఒకసారి, వీళ్ల వైపు ఒకసారి చూశాడు. "అలాగేనమ్మా. మనుషుల్ని పంపి నేనే బిగించిపెడతాను. ఎప్పుడు పంపమంటారు?"

"మాపటికి. మాపటికి మా ఆడిబిడ్డ దిగుతది. ఆమె గొంతు ఆమె కూడ ఇనాలె."

ఆమె తలుపు తెరిచింది. జై తెలంగాణ అనే కేక ఈసారి పూర్తిగా లోపలికి వచ్చింది. ఆ మోతలో భానుమూర్తి చెవి ఒగ్గి, వంశీకృష్ణను అడిగాడు.

"మాపటికంటే... రేపా సార్, ఎల్లుండా?"

వంశీకృష్ణ భార్య వైపు చూశాడు. ఆమె గుమ్మంలో ఆగి, అతనేం చెబుతాడో వింటోంది.

"కాదండీ" అన్నాడు. "ఈ సాయంత్రమే."